క్వాంటమ్ గడియారాన్ని లెక్కలతో మెరుగుపరచడం నిజంగా సాధ్యమేనా?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ రాస్తున్నాను, తర్వాత చదివేవాళ్ల కోసం: "ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదువుతున్నాను, ఆప్టిమైజేషన్ అంటే ఇష్టం. గణిత ఆప్టిమైజేషన్‌తో క్వాంటమ్ గడియారాల ఖచ్చితత్వం పెంచవచ్చని ఎక్కడో చదివాను. గడియారం నడిచేది పరమాణువు వల్ల కదా, లెక్క దాన్నేం చేయగలదు? ఇది నిజమైన పనేనా, పేపర్ల కోసం చేసే పనా? నాలాంటివాళ్లకు ఇందులో చోటుందా?"

నేను అయాన్ గడియారాల ల్యాబ్‌లో కంట్రోల్, డేటా విశ్లేషణ వైపు పనిచేస్తాను. అద్దాలు, లేజర్లు సర్దేవాళ్లు వేరే ఉన్నారు, నాది కోడ్ రాసే పని. కాబట్టి ఆ కిటికీలోంచి కనిపించేదే చెప్తాను.

సూటిగా జవాబు: నిజమైన పనే, లాభమూ ఉంది. కానీ లెక్క పరమాణువు జోలికి వెళ్లదు. పరమాణువును ఎంతసేపు పరీక్షించాలి, ఏ స్థితిలో పెట్టి పరీక్షించాలి, వచ్చిన ఫలితాన్ని బట్టి లేజర్‌ను ఎంత దిద్దాలి, ఈ మూడూ తేల్చడమే దాని పని. దీనివల్ల పెరిగేది ప్రధానంగా స్థిరత్వం. ఖచ్చితత్వానికి మేలు జరిగేది ఎక్కువగా దొడ్డిదారినే. ఈ రెంటికీ తేడా తెలియకపోతే మీరు చదివే సగం వార్తలు తప్పుగా అర్థమవుతాయి, అందుకే ముందే చెప్తున్నాను. స్థిరత్వం అంటే కొలతకూ కొలతకూ మధ్య ఎంత ఊగుతోంది అన్నది. ఖచ్చితత్వం అంటే ఎంత సగటు తీసినా మిగిలిపోయే పొరపాటు ఎంత అన్నది.

ముందు యంత్రం సంగతి. 1967 నుంచి సెకను అంటే సీజియం-133 పరమాణువులో ఒక నిర్దిష్ట మార్పుకు చెందిన 9,19,26,31,770 కంపనాల కాలం. ఇప్పటి ఆప్టికల్ గడియారాల్లో స్ట్రాన్షియం, యిటెర్బియం, అల్యూమినియం అయాన్ వంటివి వాడతారు. స్ట్రాన్షియం అయితే సెకనుకు దాదాపు 429 లక్షల కోట్ల కంపనాలు. అయితే కంపనాలను నిరంతరం వినిపించేది పరమాణువు కాదు, లేజర్. పూర్వం ఆకాశవాణి వార్తల ముందు వచ్చే బీప్‌లు విని గోడ గడియారం ముల్లు సరిచేసేవాళ్లు చూశారా, అదే ఏర్పాటు ఇక్కడా. లేజర్ గోడ గడియారం, పరమాణువు బీప్. సెకనుకో, రెండు సెకన్లకో ఒకసారి పరమాణువుతో పోల్చుకుని లేజర్‌ను కాస్త దిద్దుతాం. రెండు బీప్‌ల మధ్య లేజర్ దారి తప్పడం, బీప్ కూడా మనకు స్పష్టంగా వినిపించకపోవడం, మా తలనొప్పులన్నీ ఈ రెండింటి నుంచే.

బీప్ ఎందుకు స్పష్టంగా వినపడదంటే, పరమాణువును కొలిస్తే అది "పైన" అనో "కింద" అనో మాత్రమే చెప్తుంది. నాణెం ఎగరేసినట్టే. దీన్ని క్వాంటమ్ ప్రొజెక్షన్ నాయిస్ అంటారు. వెయ్యి పరమాణువులు వాడితే ఈ ఊగిసలాట వెయ్యి వర్గమూలం మేరకు, అంటే దాదాపు 32 రెట్లు తగ్గుతుంది. ఉదాహరణకు వెయ్యి స్ట్రాన్షియం పరమాణువులు, అర సెకను పరీక్ష, మొత్తం ఆవృత్తి (ఒక కొలత చక్రం) ఒక సెకను అనుకోండి. కాగితం మీద ఒక సెకను సగటుకు అస్థిరత దాదాపు 2.3×10⁻¹⁷ వస్తుంది. 10⁻¹⁸ చేరాలంటే సుమారు 9 నిమిషాల సగటు చాలు. నిజం ల్యాబ్‌లో ఇంత తొందరగా రాదు. ఎందుకు రాదో తెలుసుకుంటేనే మీ సబ్జెక్టుకు పని ఎక్కడ ఉందో తెలుస్తుంది.

మొదటి చలరాశి: పరీక్షా సమయం

నార్మన్ రామ్సే చూపిన పద్ధతిలో (ఆయనకు 1989లో నోబెల్ వచ్చింది) పరమాణువుకు ఒక లేజర్ పల్స్ ఇచ్చి, కొంతసేపు వదిలేసి, మరో పల్స్ ఇచ్చి కొలుస్తాం. ఈ వదిలేసిన సమయంలో లేజర్‌కూ పరమాణువుకూ మధ్య పేరుకునే ఫేజ్ తేడాయే మనకు కావలసిన సమాచారం. సమయం ఎంత పెంచితే చిన్న పొరపాటు అంత పెద్దగా కనిపిస్తుంది. అందుకని పెంచుకుంటూ పోదామంటే కుదరదు. ఫేజ్ తేడా 90 డిగ్రీలు దాటితే, కొలత ఫలితం గీసే సైన్ వక్రం వెనక్కి వంగుతుంది, 100 డిగ్రీలను మనం 80గా చదువుతాం. 180 దాటితే దిద్దుబాటు దిశే తిరగబడి, గడియారం పక్క ఫ్రింజ్‌కు (ఆ వక్రంలో పక్క అలకు) గెంతి అక్కడే హాయిగా కూర్చుంటుంది. తెర మీద అన్నీ పచ్చగానే ఉంటాయి, ఫ్రీక్వెన్సీ మాత్రం తప్పు.

ఇక్కడే మ్యాథ్స్ వాళ్లు మొదట తడబడతారు. సగటు వర్గ దోషాన్ని కనిష్ఠం చేయమని సాల్వర్‌కు (ఆప్టిమైజేషన్ ప్రోగ్రామ్‌కు) ఇస్తే, అది పరీక్షా సమయాన్ని లాగగలిగినంత లాగుతుంది. ఫేజ్ విస్తరణ (సిగ్మా) 30 డిగ్రీల దాకా వెళ్లిందనుకోండి. 90 డిగ్రీల హద్దు అప్పుడు 3 సిగ్మాల దూరంలో ఉంటుంది. సెకనుకో కొలత చొప్పున రోజుకు 86,400 కొలతలు. గాసియన్ లెక్కలో రోజుకు దాదాపు 230 రీడింగులు హద్దు దాటతాయి. అదే విస్తరణను 18 డిగ్రీలకు కట్టడి చేస్తే హద్దు 5 సిగ్మాలకు జరుగుతుంది, అప్పుడు 20 రోజులకు ఒక రీడింగు దాటడమే ఎక్కువ. ఇందుకు చెల్లించే మూల్యం, ఫ్లికర్ నాయిస్ (నెమ్మదైన ఊగుల్లో ఎక్కువగా ఉండే నాయిస్) ఉన్న లేజర్‌కు, పరీక్షా సమయంలో 40 శాతం కోత. సగటు చూస్తే నష్టమే. కానీ నెలల తరబడి నడవాల్సిన గడియారానికి ఈ బేరమే సరైనది. మీ భాషలో చెప్పాలంటే ఇది తోకను అదుపు చేసే ఛాన్స్ కాన్‌స్ట్రెయింట్ సమస్య. కాన్‌స్ట్రెయింట్ లేకుండా ఆబ్జెక్టివ్ ఒక్కటే రాసి తెస్తే ఏ ప్రయోగశాలలోనూ పనికిరాదు.

ఈ ఒక్క చలరాశికి ఎంత బలముందో చూడండి. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ అల్యూమినియం అయాన్ గడియారం 2025లో 5.5×10⁻¹⁹ అనిశ్చితిని ప్రకటించింది. అందులో స్థిరత్వం పెరగడానికి ముఖ్య కారణం పరీక్షా సమయాన్ని 150 మిల్లీసెకన్ల నుంచి ఒక సెకనుకు పెంచగలగడం. అది సాల్వర్ చలవ కాదు. పక్కనే ఉన్న జీలా సంస్థలో జున్ యే బృందానికి చెందిన అతి స్థిరమైన లేజర్‌ను ఫైబర్ లింకుతో తెచ్చుకున్నారు. 19వ దశాంశ స్థానం దాకా కొలవడానికి మూడు వారాలు పట్టేది ఒకటిన్నర రోజుకు దిగింది. మంచి లేజర్ దొరికే చోట ముందు లేజర్ కొనండి, తర్వాత ఆప్టిమైజ్ చేయండి. నేను ఆప్టిమైజేషన్ మనిషినే, అయినా చెప్పక తప్పదు.

రెండోది: చచ్చు సమయం

పరమాణువులను చల్లబరచడం, సిద్ధం చేయడం, చదవడం, ఈ పనులు జరుగుతున్నంతసేపు లేజర్‌ను ఎవరూ కనిపెట్టుకుని ఉండరు. ఆ సమయంలోని లేజర్ నాయిస్ దొంగచాటుగా మన కొలతలోకి దిగుతుంది. దీన్ని డిక్ ఎఫెక్ట్ అంటారు, 1987లో జాన్ డిక్ వివరించాడు. పరమాణువులు లక్షలున్నా ఈ నాయిస్ తగ్గదు, ఎందుకంటే అది అన్నిటికీ ఉమ్మడి. 2017లో ఎన్‌ఐఎస్‌టీ వాళ్లు రెండు యిటెర్బియం గుంపులను వంతులవారీగా వాడి, ఒకటి సిద్ధమవుతుండగా రెండోది లేజర్‌ను కనిపెట్టేలా చేసి ఈ ఖాళీని పూడ్చారు. ఇలాంటి చోట పల్స్‌ల సమయాలు, వంతుల క్రమం అన్నీ షెడ్యూలింగ్ సమస్యలే. పైకి ఆకర్షణ లేని పని. నేను చూసినంతలో లాభంలో పెద్ద వాటా ఇక్కడి నుంచే వస్తుంది.

క్రమం అన్నాను కాబట్టి ఒక చిన్న సంగతి దగ్గరగా చూపిస్తాను. పరమాణువు స్పందించే ఫ్రీక్వెన్సీ రేఖకు ఎడమ పక్క ఒకసారి, కుడి పక్క ఒకసారి కొలిచి తేడా తీస్తాం. కానీ లేజర్‌ను నిలకడగా ఉంచే కేవిటీ (రెండు అద్దాల గొట్టం) గాజు నెమ్మదిగా మారుతుంటుంది కాబట్టి ఫ్రీక్వెన్సీ నిలకడగా ఒకవైపు పాకుతుంది. ఎడమ, కుడి, ఎడమ, కుడి అని కొలిస్తే కుడి ఎప్పుడూ ఒక అడుగు ఆలస్యం, ఆ పాకుడు మొత్తం పొరపాటుగా తేలుతుంది. ఎడమ, కుడి, కుడి, ఎడమ అని కొలవండి. ఎడమ వాటా 1+4, కుడి వాటా 2+3, రెండూ 5. పాకుడు పోయింది. దీనికి సాల్వర్ అక్కర్లేదు, వేళ్ల మీద లెక్క చాలు. కానీ వంపు తిరిగే పాకుడు, ఆపై రకాలు వస్తే సరైన క్రమం వెతకడం మీలాంటివాళ్ల పనే.

మూడోది: పరమాణువుల ఉమ్మడి స్థితి

పత్రికల్లో వచ్చేదంతా దీని గురించే. పరమాణువులను విడివిడిగా కాకుండా ఎంటాంగిల్‌మెంట్‌తో ముడిపెడితే దోషం వర్గమూలం చొప్పున కాకుండా సంఖ్యకే అనులోమంగా తగ్గవచ్చని సిద్ధాంతం. అందరూ మొదట చెప్పే జీహెచ్‌జడ్ స్థితిలో (అన్నీ "పైన", అన్నీ "కింద" అన్న రెండింటి కలయిక) 10 పరమాణువులుంటే ఫేజ్ 10 రెట్లు వేగంగా తిరుగుతుంది. బాగుంది కదా? కానీ 90 డిగ్రీల హద్దు కాస్తా 9 డిగ్రీలకు కుంచించుకుపోతుంది. లేజర్ అదే, దాని నాయిస్ అదే. హద్దు దాటకుండా ఉండాలంటే పరీక్షా సమయాన్ని 10వ వంతుకు తగ్గించాలి. లెక్క వేసి చూడండి: వేగం వల్ల వచ్చిన లాభం, సమయం తగ్గడం వల్ల వచ్చిన నష్టం కలిపితే మళ్లీ పాత వర్గమూలం దగ్గరికే వస్తాం. చచ్చు సమయాన్ని కలిపితే ఇంకా కిందికి. పరమాణువులకు విడివిడిగా తగిలే నాయిస్ విషయంలోనూ జీహెచ్‌జడ్‌కు లాభం మిగలదని 1997లోనే సుసానా హుయెల్గా, ఆమె సహచరులు చూపించారు.

అయితే విడి పరమాణువులకూ జీహెచ్‌జడ్‌కూ మధ్య బోలెడు స్థితులున్నాయి. వాటిలో ఏది మంచిదన్నది అచ్చమైన ఆప్టిమైజేషన్ ప్రశ్న. నాయిస్ లేని ఆదర్శ సందర్భానికి 1999లో బుజెక్, డెర్కా, మసార్ జవాబు ఇచ్చారు: ఎన్ని పరమాణువులు "పైన" ఉన్నాయన్న వరసలో రాసిన గుణకాలు అంచుల్లో చిన్నవిగా, మధ్యలో పెద్దవిగా, అర సైన్ తరంగంలా ఉండాలి. జీహెచ్‌జడ్‌లో బరువంతా రెండు అంచుల్లోనే ఉంటుంది, సరిగ్గా దీనికి ఎదురు.

నాయిస్ పెట్టాక చేతి లెక్క కుదరదు. మేం చేసేది ఇలా ఉంటుంది. లేజర్ ఫేజ్ ఎంత చెదిరి ఉంటుందో ఒక ప్రయర్ (ముందస్తు అంచనా) తీసుకుంటాం. ఆ ప్రయర్ మీద సగటు దోషాన్ని కనిష్ఠం చేయాలి. స్థితిని స్థిరంగా పట్టుకుంటే ఉత్తమమైన కొలత ఒక రేఖీయ సమీకరణం నుంచి వస్తుంది. కొలతను స్థిరంగా పట్టుకుంటే ఉత్తమమైన స్థితి ఒక మాత్రిక ఐగెన్‌వెక్టర్. ఇటొకసారి అటొకసారి మారుస్తూ పోతే దోషం ప్రతి మెట్టుకూ తగ్గుతుంది. ప్రతి మెట్టూ సులువే, మొత్తం సమస్య మాత్రం కన్వెక్స్ కాదు, కాబట్టి వేర్వేరు చోట్ల నుంచి మొదలుపెట్టి చూడాలి. ఇంతకంటే మించి ఎవరూ చేయలేరని నిరూపించాలంటే సెమీడెఫినిట్ ప్రోగ్రామ్‌గా రాసి డ్యుయల్ వైపు నుంచి హద్దు తీస్తారు. నాకు డ్యుయల్ మీదే ఎక్కువ మోజు. ప్రైమల్ మనకు ఒక మంచి స్థితిని ఇస్తుంది. డ్యుయల్ అయితే "ఇక ఆపేయ్, మిగిలింది రెండు శాతమే" అని చెప్తుంది. ల్యాబ్‌లో ఆ మాట విలువ చాలా ఎక్కువ.

సైజు గురించి భయపడకండి. 26 అయాన్లంటే 6,71,08,864 డైమెన్షన్ల స్పేస్ అనిపిస్తుంది. కానీ అయాన్లన్నీ ఒకేలా ప్రవర్తిస్తే, ఒకదాని బదులు ఇంకొకటి పెట్టినా తేడా లేకపోతే, సౌష్ఠవం వల్ల 27 డైమెన్షన్లు సరిపోతాయి. ల్యాప్‌టాప్‌లో టీ చల్లారేలోగా అయిపోతుంది. అయాన్లకు విడివిడిగా నాయిస్ తగిలితే మాత్రం ఈ సౌకర్యం కొంత పోతుంది.

26 అన్న అంకె ఊరికే రాయలేదు. 2022లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ విశ్వవిద్యాలయం వాళ్లు 26 కాల్షియం అయాన్లతో ఈ పని చేసి చూపించారు. ఉత్తమ స్థితిని అచ్చంగా తయారుచేయడం కష్టం కాబట్టి, చిన్న క్వాంటమ్ సర్క్యూట్‌లో కొన్ని పారామీటర్లు పెట్టి వాటిని ఆప్టిమైజ్ చేశారు. సైద్ధాంతిక హద్దుకు 1.45 రెట్ల దూరం దాకా చేరారు. ఎంటాంగిల్‌మెంట్ లేని పద్ధతితో పోలిస్తే కావలసిన కొలతల సంఖ్య 1.59 రెట్లు తగ్గింది. పారామీటర్లను యంత్రం మీదే వెతికించి కూడా చూశారు, అంటే నాయిస్ మోడల్‌ను మనం ఊహించనక్కర్లేకుండా. అంతకుముందు 2020లో ఎంఐటీలో కొన్ని వందల యిటెర్బియం పరమాణువులను స్క్వీజ్ చేసి (ఎంటాంగిల్‌మెంట్‌తో ఊగిసలాటను ఒక దిశలో నొక్కి) సగటు తీసే సమయాన్ని 2.8 రెట్లు తగ్గించారు.

ఈ అంకెలు గమనించండి: 1.59, 2.8. వార్తల్లో కనిపించే "వెయ్యి రెట్లు" ఎక్కడా లేదు. అలాగని చిన్నవి కూడా కాదు. వారం పట్టే కొలత రెండున్నర రోజుల్లో అయితే ల్యాబ్‌లో పండగే.

సాల్వర్ ఇచ్చిన జవాబును యంత్రం మోయగలగాలి. ఇది వేరే తలనొప్పి. పల్స్ ఆకారాన్ని ఆప్టిమైజ్ చేయమంటే సాల్వర్లు నిటారు గోడల్లాంటి గెంతులు ఇష్టపడతాయి. లేజర్‌ను ఆపి వదిలే ఏఓఎమ్ అనే స్ఫటికానికి ఆ వేగం ఉండదు. పైగా పవర్ ఆన్ చేయగానే అది కాస్త వేడెక్కి, కాంతి ఫేజ్‌ను తనకు తానే జరుపుతుంది. పల్స్ వాలుకు హద్దు, పవర్‌కు హద్దు, ఫేజ్ జరుగుడుకు మోడల్, ఇవి కాన్‌స్ట్రెయింట్లుగా పెడితే కాగితం మీది లాభం తగ్గుతుంది, ల్యాబ్‌లోని లాభం పెరుగుతుంది. మా గ్రూపులో కొత్తగా చేరే థియరీ విద్యార్థిని మొదటి వారాల్లో ఆసిలోస్కోప్ ముందు కూర్చోబెట్టేది అందుకే. తను గీసిన పల్స్ కాంతిగా మారేసరికి ఎలా కనిపిస్తుందో కళ్లారా చూస్తే కాన్‌స్ట్రెయింట్లు ఎవరూ చెప్పకుండానే రాస్తారు.

ఇప్పుడు ఖచ్చితత్వం మాట. స్ట్రాన్షియం గడియారంలో గది గోడల వేడి వల్ల వచ్చే జరుగుడు ఫ్రీక్వెన్సీలో దాదాపు 5×10⁻¹⁵ వంతు. గది ఉష్ణోగ్రత దగ్గర ఒక డిగ్రీ తేడాకు 7×10⁻¹⁷ మారుతుంది. అంటే 10⁻¹⁸ కావాలంటే పరమాణువులు చూసే వేడిని డిగ్రీలో 70వ వంతు దాకా తెలుసుకోవాలి. ఇది థర్మామీటర్ పని, గోడల తయారీ పని, ఏ కన్వెక్స్ ప్రోగ్రామూ చేసిపెట్టదు. గడియారాన్ని ఒక సెంటీమీటరు ఎత్తితే గురుత్వం వల్ల 10⁻¹⁸ మారుతుంది, అదీ అంతే, సర్వే చేసుకోవాల్సిందే.

మరి దొడ్డిదారి ఏమిటి? ఇలాంటి ప్రతి జరుగుడునూ కొలవాలంటే గడియారాన్ని ఒక సెట్టింగులో, తర్వాత ఇంకో సెట్టింగులో నడిపి తేడా చూడాలి. స్థిరత్వం మెరుగైతే ఆ తేడా రోజుల బదులు గంటల్లో తేలుతుంది, ఎక్కువ జరుగుళ్లను ఎక్కువసార్లు తనిఖీ చేయవచ్చు. నేరుగా సాయపడే సందర్భాలూ కొన్ని ఉన్నాయి. 2010లో ప్రతిపాదించిన హైపర్-రామ్సే పద్ధతిలో పల్స్‌ల పొడవు, ఫేజ్ ఎంచుకునే తీరు వల్లే లేజర్ కాంతి తెచ్చే జరుగుడు చాలావరకు రద్దవుతుంది. జర్మనీ జాతీయ కొలతల సంస్థ పీటీబీలో యిటెర్బియం అయాన్ మీద ఇది బాగా పనిచేసింది.

గడియారం లోపలే కాదు, గడియారాల మధ్య కూడా ఆప్టిమైజేషన్ ఉంది, అదైతే రోజువారీ వ్యవహారం. ప్రపంచ ప్రామాణిక సమయం ఏ ఒక్క గడియారం నుంచీ రాదు. 80కి పైగా సంస్థల్లోని 400కి పైగా గడియారాల భారిత సగటును ఫ్రాన్స్‌లోని అంతర్జాతీయ తూనికలు, కొలతల సంస్థ బీఐపీఎమ్ లెక్కకడుతుంది. మన తరఫున ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ గడియారాలు అందులో ఉంటాయి. 2014 నుంచి బరువు ఇచ్చేది గడియారం ఎంత నిలకడగా ఉందని చూసి కాదు, దాని నడకను ఎంత బాగా ముందే ఊహించగలమని చూసి. నిలకడగా తప్పు నడిచే గడియారం పరవాలేదు, దిద్దుకోవచ్చు. ఏ ఒక్కటీ పెత్తనం చేయకుండా బరువుకు పైహద్దు కూడా ఉంటుంది. మీ మొదటి సెమిస్టర్ క్వాడ్రాటిక్ ప్రోగ్రామింగ్‌కు దగ్గరి చుట్టమే ఇది.

శ్రీహరికోట నుంచి 2023 మే 29న వెళ్లిన నావిగేషన్ ఉపగ్రహం ఎన్‌వీఎస్-01లో మన దేశంలో తయారైన రుబీడియం గడియారం ఉంది కదా, అందులోనూ ఇవన్నీ వాడతారా అని ఎవరో ఒకరు అడుగుతారు. ఉపగ్రహ గడియారానికి ముందు కావలసింది చెడిపోకుండా ఉండడం. అంతకుముందు నావిక్ (జీపీఎస్ లాంటి మన వ్యవస్థ) మొదటి ఉపగ్రహంలో దిగుమతి చేసుకున్న మూడు గడియారాలూ ఆగిపోయాయి. అక్కడ ఎంటాంగిల్‌మెంట్ ప్రస్తావన ఇప్పట్లో రాదు. డ్రిఫ్ట్‌ను ముందే ఊహించి దిద్దే కాల్మన్ ఫిల్టర్ లాంటి లెక్కలకు మాత్రం చోటుంది.

చివరి ప్రశ్న, మీకు చోటుందా అన్నది. ఉంది, ఒక షరతు మీద: నాయిస్‌ను భౌతికశాస్త్రవేత్తలు ఇచ్చే ఒక అంకెగా కాకుండా మీ సొంత సమస్యగా తీసుకోవాలి. అలన్ డీవియేషన్ (సగటు సమయాన్ని బట్టి అస్థిరతను చెప్పే కొలమానం), ఫ్లికర్ నాయిస్, ఈ రెండూ ముందు నేర్చుకోండి. క్వాంటమ్ మెకానిక్స్‌లో మొదట కావలసింది స్పిన్ బీజగణితం, డెన్సిటీ మాత్రికలు, అంతే. క్వాంటమ్ ఫీల్డ్ థియరీ జోలికి పోనక్కర్లేదు.

తర్వాత ఈ చిన్న ప్రాజెక్టు చేసి చూడండి. పైథాన్‌లో ఫ్లికర్ నాయిస్ ఉన్న లేజర్‌ను సృష్టించండి. 10 పరమాణువులతో రామ్సే కొలత, దాని వెనక ఒక ఇంటిగ్రేటర్ ఫీడ్‌బ్యాక్ పెట్టండి. పరీక్షా సమయం మారుస్తూ అలన్ డీవియేషన్ గీయండి. ఒక చోట దాకా తగ్గి, ఆపై ఒక్కసారిగా పైకి ఎగురుతుంది, అవే ఫ్రింజ్ గెంతులు. ఫీడ్‌బ్యాక్ గెయిన్ కూడా మార్చి చూడండి: ఎక్కువైతే నాణెం నాయిస్ లేజర్‌కు ఎక్కుతుంది, తక్కువైతే డ్రిఫ్ట్‌ను అందుకోలేదు. అది అయ్యాక 11 డైమెన్షన్ల సౌష్ఠవ స్పేస్‌లో ఉత్తమ స్థితిని వెతకండి, అదే లేజర్‌తో జీహెచ్‌జడ్‌ను కూడా నడిపి పక్కపక్కన పెట్టండి. జీహెచ్‌జడ్ గనక గెలిచిందంటే సంబరపడకుండా నాయిస్ రాసిన ఫంక్షన్ తెరవండి. చాలాసార్లు ఆవృత్తి ఆవృత్తికీ నాయిస్‌ను సున్నా నుంచి మొదలుపెట్టే లైను ఒకటి అక్కడ ఉంటుంది.